పెడల్ మెత్తబడితే: ట్రైలర్ లాగే చిన్న ట్రక్కుల్లో హైడ్రాలిక్ బ్రేకుల లోపాలు, పరీక్షలు

బ్రేకు పెడల్ మీద కాలు వేసినప్పుడు అది గట్టిగా ఎదురు నిలవక స్పాంజిలా అణిగిపోవడాన్ని ‘పెడల్ మెత్తబడడం’ అంటారు. హైడ్రాలిక్ బ్రేకులున్న వాహనం ఇచ్చే తొలి హెచ్చరిక ఇది. చాలాసార్లు ఇదొక్కటే హెచ్చరిక. వాహనం వెనుక ట్రైలర్ తగిలించి ఉన్నప్పుడు ఈ హెచ్చరికకూ ప్రమాదానికీ మధ్య ఉండే వ్యవధి మరింత తగ్గిపోతుంది.

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమే అయినా రహదారుల కూడలి కూడా. 16, 49, 14 నంబర్ల జాతీయ రహదారులు ఇక్కడ కలుస్తాయి. వీటిలో 16వ నంబరు రహదారి కోల్‌కతా వైపు నుంచి వచ్చి, ఖరగ్‌పూర్ మీదుగా బాలేశ్వర్, కటక్, భువనేశ్వర్ దాటి ఇచ్ఛాపురం వద్ద ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశిస్తుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం మీదుగా చెన్నై చేరుతుంది. రైల్వే ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి నింపురాలోనూ, మథురాకాఠీలోనూ, పాత, కొత్త సెటిల్‌మెంట్లలోనూ తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అది సొంతూరికి పోయే దారి.

ఈ దారిలో కనిపించే పెద్ద కంటైనర్ ట్రైలర్ల గురించి ఈ వ్యాసం కాదు. వాటికి గాలి బ్రేకులు ఉంటాయి. ‘పెడల్ మెత్తబడడం’ అనే సమస్య వాటిలో ఈ రూపంలో రాదు. బ్రేక్ ఆయిల్‌తో పనిచేసేవి మినీ ట్రక్కులు, పికప్ వాహనాలు, తేలికపాటి ట్రక్కులు. జనరేటరునో, ఎయిర్ కంప్రెసరునో, కాంక్రీటు మిక్సరునో రెండు చక్రాల బండి మీద ఉంచి వెనుక తగిలించుకుని పోయేవి ఎక్కువగా ఇవే. అలా లాగే బండ్లలో చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

రైలు బ్రేకుకూ దీనికీ ఉన్న తేడా

రైల్వే కుటుంబాల్లో పెరిగినవారికి బ్రేకు గురించి ఒక సహజమైన నమ్మకం ఉంటుంది: గొట్టం తెగితే బండి ఆగిపోతుంది. రైలు విషయంలో ఇది అక్షరాలా నిజం. పాత వ్యాక్యూమ్ బండ్లలో గొట్టంలో 510 మిల్లీమీటర్ల శూన్యం నిలిపి ఉంచితేనే బ్రేకులు విడిపోయి ఉండేవి. నేటి గాలి బ్రేకుల్లో బ్రేక్ పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి ఉంటేనే చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి. గొట్టం ఊడినా, బోగీలు విడిపోయినా ఆ ఒత్తిడి పడిపోయి బ్రేకులు వాటంతటవే పడతాయి. అయితే రైలు బ్రేకు మొదటి నుంచీ ఇలా లేదు. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో తెచ్చిన తొలి గాలి బ్రేకులో గొట్టం తెగితే బ్రేకు పోయేది. ఆ లోపాన్ని గుర్తించి 1872లో ఆయనే ఏర్పాటును తలకిందులు చేశాడు. ఒత్తిడి ఉంటే విడుదల, పోతే పట్టు. పెద్ద లారీల గాలి బ్రేకుల్లో కూడా ఒత్తిడి బాగా పడిపోతే స్ప్రింగు బ్రేకులు చక్రాలను పట్టేస్తాయి.

హైడ్రాలిక్ బ్రేకు మాత్రం నేటికీ ఆ 1869 నాటి సూత్రం మీదే నడుస్తోంది. పెడల్ తొక్కితేనే ఒత్తిడి పుడుతుంది. ఆయిల్ కారిపోతే, లేదా అందులో గాలి చేరితే బ్రేకు నిశ్శబ్దంగా బలహీనపడుతుంది. ఈలా వినిపించదు, బండీ ఆగదు. 1960ల తర్వాత మాస్టర్ సిలిండరును రెండు గదులుగా చేసి, రెండు వేర్వేరు ఆయిల్ మార్గాలు పెట్టడం వ్యాపించింది. ఒక మార్గం పోయినా రెండోది కొంత పని చేస్తుంది. కానీ బరువెక్కిన బండికి, పైగా ట్రైలర్ లాగే బండికి, సగం బ్రేకు అంటే లేనట్టే అనుకోవడం క్షేమం.

గాలి ఎంత చేరితే ఇంత నష్టం జరుగుతుందో లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మాస్టర్ సిలిండరు లోపలి వ్యాసం 22 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 30 మిల్లీమీటర్లు అనుకుందాం. పెడల్ పూర్తిగా తొక్కితే అది నెట్టగల ఆయిల్ సుమారు 11 మిల్లీలీటర్లు, అంటే రెండు టీస్పూన్లకు కాస్త ఎక్కువ. గొట్టాల్లో 2 మిల్లీలీటర్ల గాలి బుడగ ఉందనుకుంటే, 25 రెట్ల ఒత్తిడిలో అది దాదాపు పూర్తిగా నలిగిపోతుంది. ఆ మేరకు పెడల్ ప్రయాణంలో ఐదో వంతు వృథా. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. మెత్తదనానికి అసలు కారణం ఇంతే.

పెడల్ చెప్పే సంగతులు

‘బ్రేకు సరిగా లేదు’ అనే ఒక్క మాట కింద డ్రైవర్లు నాలుగైదు వేర్వేరు లోపాలను కలిపేస్తుంటారు. గ్యారేజీకి వెళ్ళే ముందే వాటిని విడదీసి చూసుకుంటే సగం పని అయినట్టే. పెడల్ మెత్తగా ఉండి బండి ఆగకపోవడం ఒకటి. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోవడం వేరొకటి. రెండోది సాధారణంగా బూస్టరుకు వ్యాక్యూమ్ అందకపోవడం వల్లనో, లైనర్లు వేడెక్కి జారిపోవడం వల్లనో వస్తుంది. దానికి ఆయిల్‌లో గాలి తీయించడం వల్ల ప్రయోజనం ఉండదు.

పరీక్ష చదునైన నేల మీద, చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి చేయాలి. ఇంజను ఆపి, పెడల్‌ను ఐదారుసార్లు తొక్కితే బూస్టరులో మిగిలిన వ్యాక్యూమ్ అయిపోతుంది. ఆ తర్వాత స్థిరంగా అదిమి అర నిమిషం పట్టి ఉంచాలి. పెడల్ ఒక ఎత్తులో నిలిచి ఉంటే ఆయిల్ ఎక్కడికీ పోవడం లేదని అర్థం. మెల్లగా కిందికి జారుతూ ఉంటే ఎక్కడో లీకు ఉంది. కాలు తీయకుండానే ఇంజను స్టార్టు చేస్తే పెడల్ కొద్దిగా దిగి ఆగుతుంది. అది బూస్టరు పనిచేస్తున్నదనడానికి గుర్తు, లోపం కాదు. ఈ చిన్న దిగుడును చూసి మాస్టర్ సిలిండరు మార్పించుకున్నవారు తక్కువేమీ కాదు.

పెడల్ జారుతోంది, కానీ బయట ఎక్కడా తడి లేదు, ఆయిల్ డబ్బాలో మట్టం కూడా తగ్గలేదు. అలాంటప్పుడు అనుమానం మాస్టర్ సిలిండరు లోపలి రబ్బరు వాషర్ల మీదకు వెళ్ళాలి. అవి అరిగితే ఆయిల్ బయటికి రాకుండా పిస్టన్ పక్కనుంచి తిరిగి డబ్బాలోకే పోతుంది. గట్టిగా తొక్కితే నిలబడి, సున్నితంగా తొక్కితే జారిపోవడం దీని ప్రత్యేక లక్షణం. డబ్బాలో మట్టం తగ్గుతుంటే మాత్రం బయటి లీకే. వెతకవలసిన చోట్లు: వెనుక డ్రమ్ముల లోపలి వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాల చివర్లు, ఛాసిస్ వెంబడి పోయే ఇనుప పైపులు, మాస్టర్ సిలిండరు బూస్టరుకు అతుక్కునే చోటు. చివరిదాన్ని చాలామంది చూడరు. అక్కడ కారిన ఆయిల్ నేల మీద పడదు, బూస్టరులోకి పోతుంది. వీల్ సిలిండరు రబ్బరు తొడుగును కొద్దిగా లేపి చూస్తే లోపలి తడి కనిపిస్తుంది. వెనుక టైరు లోపలి వైపు తడిమరక ఉంటే డ్రమ్ము విప్పక తప్పదు. ఆయిల్ తగిలిన లైనర్లను పెట్రోలుతో కడిగి మళ్ళీ బిగించే అలవాటు మంచిది కాదు, వాటిని మార్చాలి.

ఒకసారి తొక్కితే కిందికి పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైన గట్టిగా నిలిచే పెడల్ వేరే కథ చెబుతుంది. అక్కడ గాలి కంటే లైనర్లకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ పెరగడమే ఎక్కువగా కారణం. లైనర్లు అరిగినా, ఆటోమేటిక్ అడ్జస్టరు తుప్పు పట్టి బిగుసుకుపోయినా ఇలా జరుగుతుంది. ముందు డిస్కు బ్రేకులున్న వాహనాల్లో వీల్ బేరింగు వదులైతే, డిస్కు ఊగి ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది. అప్పుడూ మొదటి తొక్కు వృథా అవుతుంది. ఎన్నిసార్లు తొక్కినా స్పాంజిలా ఉంటూ, తొక్కే కొద్దీ కాస్త పైకి వచ్చేదే అసలైన గాలి లక్షణం.

‘రెండుసార్లు కొడితే పట్టుకుంటుందిలే’ అని చెప్పి వారాల తరబడి నడిపే డ్రైవర్లు ఈ దారిలో ఎందరో. లోపాల జాబితాలో లేకపోయినా అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆ అలవాటే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. రెండోసారి తొక్కడానికి పట్టే సెకను ఖరీదు ఆ 17 మీటర్లు.

లోపం ఏ చక్రం దగ్గరుందో తేలనప్పుడు అనుభవజ్ఞులు ఒక్కో రబ్బరు గొట్టాన్ని తాత్కాలికంగా బిగించి, పెడల్ ఎప్పుడు గట్టిపడుతుందో చూస్తారు. పద్ధతి సరైనదే. కానీ దానికి గుండ్రని అంచులున్న ప్రత్యేక క్లాంపు వాడాలి. కటింగ్ ప్లేయరుతో నొక్కితే గొట్టం లోపలి పొర చిట్లి, కొత్త జబ్బు మొదలవుతుంది. పెడల్ తొక్కినప్పుడు ఉబ్బుతున్న గొట్టం కనిపిస్తే ఇక పరీక్షలు అనవసరం, దాన్ని మార్చడమే.

ట్రైలర్ వల్ల మారేది ఏమిటి

మొదట చేయవలసిన పని ట్రైలర్‌ను విడదీసి పెడల్‌ను మళ్ళీ తొక్కి చూడడం. ఆగి ఉన్న బండిలో, చల్లని బ్రేకులతో, ట్రైలర్ ఉన్నా లేకున్నా పెడల్ ఒకేలా ఉంటే లోపం ట్రక్కులోనే ఉంది. సక్రమంగా అమర్చిన ట్రైలర్‌లో ట్రక్కు బ్రేక్ ఆయిల్ ప్రవహించదు. అక్కడక్కడా ట్రక్కు పైపును కోసి, ‘టీ’ పెట్టి ట్రైలర్ చక్రాలకు ఆయిల్ పంపే స్థానిక ఏర్పాట్లు చేయిస్తుంటారు. 11 మిల్లీలీటర్లు నెట్టగల సిలిండరు మీద మరో రెండు చక్రాల భారం పడితే పెడల్ మెత్తబడక ఏమవుతుంది? పైగా ట్రైలర్ గొట్టం తెగితే ట్రక్కు బ్రేకూ పోతుంది. అలాంటి ఏర్పాటు కనిపిస్తే మరమ్మతు చేయడం కాదు, తీసివేయించాలి.

సొంత బ్రేకులున్న చిన్న ట్రైలర్లలో ఎక్కువగా వాడేది ఓవర్‌రన్ పద్ధతి. ట్రక్కు వేగం తగ్గినప్పుడు ట్రైలర్ ముందుకు తోసుకువస్తుంది. ఆ తోపుకు కొక్కెం దగ్గరి జారుడు భాగం వెనక్కి కదిలి, ట్రైలర్‌లోని బ్రేకులను పట్టిస్తుంది. కొన్నిటిలో ఆ పని ఇనుప కడ్డీలతో, కొన్నిటిలో ట్రైలర్‌కే ఉన్న చిన్న మాస్టర్ సిలిండరుతో జరుగుతుంది. అమెరికాలో పడవలను లాగే ట్రైలర్లకు ఈ హైడ్రాలిక్ రకం సర్వసాధారణం. అక్కడి తెలుగువారు అద్దెకు తీసుకునే బండ్లలోనూ తరచుగా ఉంటుంది. ఈ ట్రైలర్ సిలిండరులో గాలి చేరితే ట్రక్కు పెడల్‌కు ఏమీ తెలియదు. పెడల్ గట్టిగానే ఉంటుంది, కానీ బ్రేకు వేయగానే వెనుక నుంచి ‘ధడ్’మని తోపు తగులుతుంది, ఆగే దూరం పెరుగుతుంది. కొక్కెం జారుడు భాగం చివరంటా లోపలికి పోతుంటే ట్రైలర్ బ్రేకులు పట్టడం లేదని నిర్ధారించుకోవచ్చు.

బ్రేకులు లేని ట్రైలర్ ట్రక్కు పెడల్‌ను మెత్తబరిచే తీరు పరోక్షమైనది, వేడి ద్వారా. సాలూరు నుంచి కొరాపుట్ పోయే దారిలోని సుంకి ఘాటీ వంటి చోట 3.5 టన్నుల బండి 600 మీటర్ల ఎత్తు దిగిందనుకుందాం. ఇంజను, గాలి నిరోధం సాయం లేకుండా మొత్తం భారం బ్రేకుల మీదే పడితే పుట్టే వేడి 70 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే స్థాయికి తెస్తుంది. వెనుక 1.5 టన్నుల ట్రైలర్ తగిలిస్తే అదే నాలుగు చక్రాలు 100 లీటర్లను మరిగించేంత వేడిని మోయాలి. ఖరగ్‌పూర్ చుట్టూ ఘాటీలు లేవు. కానీ చదును రోడ్డు మీద వేగం ఆ పని చేస్తుంది: గంటకు 60 కిలోమీటర్ల నుంచి 80కి పెరిగితే, ప్రతి ఆగుడుకూ బ్రేకులు పీల్చుకోవలసిన శక్తి దాదాపు 78 శాతం పెరుగుతుంది.

తెల్లారేసరికి మాయమయ్యే లోపం

ఆ వేడికి మొదట లొంగేది పాతబడిన బ్రేక్ ఆయిల్. పేరుకు ఆయిల్ అంటున్నాం గాని, ఇది ఇంజను ఆయిల్ జాతిది కాదు. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలు గ్లైకాల్ ఆధారమైన ద్రవాలు. గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. కానీ సుమారు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. బెంగాల్ వర్షాకాలపు తేమలో మూత సగం వదిలేసిన సీసా ఎంత త్వరగా పాడవుతుందో ఊహించుకోవచ్చు. తెరిచి నెలలు గడిచిన సీసాలో మిగిలిన ఆయిల్‌ను పొదుపు పేరుతో పోయడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు.

ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి కూడా గాలిలాగే నలుగుతుంది; పెడల్ ఒక్కసారిగా నేలకు తగులుతుంది. చక్రాలు చల్లబడగానే ఆవిరి తిరిగి ద్రవమై, పెడల్ ఏమీ ఎరగనట్టు గట్టిపడుతుంది. రాత్రి బెంబేలెత్తించిన బండి ఉదయం గ్యారేజీలో నిక్షేపంగా కనిపిస్తుంది, మెకానిక్కు ‘అంతా బాగానే ఉంది’ అని పంపిస్తాడు. అందుకే లోపం ఎప్పుడు కనిపించిందో, ఎంత బరువుతో, ఎంత దూరం వరుసగా బ్రేకు వాడాక వచ్చిందో చెప్పడం పెడల్ తొక్కి చూపించడం కంటే ముఖ్యం. వేడికి మాత్రమే వచ్చే మెత్తదనానికి మందు ఆయిల్ పూర్తిగా మార్చడం, ఏదైనా చక్రం బ్రేకు విడవకుండా పట్టేసి ఉందేమో చూడడం, బరువు తగ్గించడం లేదా బ్రేకులున్న ట్రైలర్‌కు మారడం.

చాలా తయారీదారులు రెండేళ్ళకొకసారి ఆయిల్ మార్చమంటారు. వాహనం పుస్తకంలో తక్కువ గడువు ఉంటే దాన్నే పాటించాలి. మూత మీద రాసిన రకాన్నే వాడాలి. డాట్ 5 పేరు డాట్ 5.1కు దగ్గరగా ఉన్నా అది సిలికాన్ ద్రవం, మిగతా వాటితో కలపకూడదు. స్టీరింగు ఆయిలో, ఇంజను ఆయిలో చుక్క పడినా రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి. అప్పుడు మొత్తం వ్యవస్థలోని రబ్బరు సామాను మార్చవలసి వస్తుంది.

గాలి తీయడం

గ్యారేజీల్లో ‘బ్లీడింగ్’ అనీ, హిందీలో ‘హవా నికాల్నా’ అనీ చెప్పేది ఈ పనినే. లీకును ముందు బాగు చేయకుండా గాలి తీస్తే మళ్ళీ పది రోజులకు అదే పని. సాధారణంగా మాస్టర్ సిలిండరుకు అత్యంత దూరంలో ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి వస్తారు, అయితే కొన్ని వాహనాలకు క్రమం వేరు. నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తొడిగి, దాని రెండో చివరను కొంత ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, రెండోవారు నిపుల్ వదులు చేసి, బుడగలతో ఆయిల్ వచ్చాక బిగించాలి. బిగించాకే పెడల్ వదలాలి. ఆ వరుస తప్పితే తీసిన గాలి తిరిగి లోపలికి పోతుంది. డబ్బాలో ఆయిల్ అడుగంటనివ్వకూడదు.

పాత బండ్లలో పెడల్‌ను నేలదాకా కొట్టడం మంచిది కాదు. పిస్టన్ ఎన్నడూ వెళ్ళని చోట సిలిండరు గోడ తుప్పుపట్టి ఉంటుంది. అక్కడికి నెడితే రబ్బరు వాషరు చిరుగుతుంది. పెడల్ కింద చిన్న చెక్కముక్క పెడితే సరిపోతుంది. వెనుక ఇరుసు మీద, బరువును బట్టి ఒత్తిడిని మార్చే వాల్వు ఉన్న పికప్‌లలో ఆ వాల్వుకు కూడా నిపుల్ ఉందేమో చూడాలి. చక్రాలన్నీ తీసినా మెత్తదనం పోలేదంటే తరచుగా గాలి అక్కడే దాగి ఉంటుంది. ఏబీఎస్ ఉన్న వాహనాల్లో కొన్నిటికి కంప్యూటర్ పరికరం లేకుండా గాలి పూర్తిగా రాదు.

హైడ్రాలిక్ ఓవర్‌రన్ ట్రైలర్‌కు ఇదే పనిని విడిగా చేయాలి. అక్కడ పెడల్ ఉండదు కాబట్టి, కొక్కెం దగ్గరి జారుడు భాగాన్ని తయారీదారు చూపిన చోట మీటతో నెట్టి ఒత్తిడి పుట్టించాలి.

నడుస్తుండగా పెడల్ పోతే

పెడల్‌ను వేగంగా పలుమార్లు తొక్కుతూ, ఒక్కొక్క గేరు తగ్గిస్తూ రావాలి. ఇంజను ఆపకూడదు, ఆపితే బూస్టరు, పవర్ స్టీరింగు సాయం పోతాయి. హ్యాండ్‌బ్రేకు బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగాలి. ఒక్కసారిగా లాగితే వెనుక చక్రాలు బిగుసుకుని, ట్రైలర్ తోపుకు బండి అడ్డం తిరగవచ్చు. హజార్డ్ లైట్లు, హారను వేసి, ఎడమ అంచుకు రావాలి. ఆగాక ‘చల్లబడింది, పెడల్ వచ్చింది’ అని మళ్ళీ బయలుదేరడం కాకుండా, ట్రైలర్‌ను అక్కడే విడదీసి చక్రాలకు చెక్కలు పెట్టి, మెకానిక్కును పిలిపించుకోవాలి.

మరమ్మతు తర్వాతి పరీక్ష రెండు విడతలు. మొదట ఖాళీ బండితో, రద్దీ లేని చోట, గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఆపి చూడాలి. తర్వాత ట్రైలర్ తగిలించి, మామూలు బరువుతో ఐదారు కిలోమీటర్లు నడిపి, ఆగాక ప్రతి చక్రం దగ్గరా చేతి వెనుక భాగాన్ని తాకించకుండా దగ్గరగా పెట్టి వేడి చూడాలి. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల వేడి దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి కాలిపోతూ రెండోది చల్లగా ఉంటే, మొదటిది విడవడం లేదు లేదా రెండోది పట్టడం లేదు. బ్రేకులున్న ట్రైలర్ చక్రాలు పూర్తిగా చల్లగా ఉంటే వాటి భారాన్ని కూడా ట్రక్కే మోస్తున్నదని తెలుసుకుని, తిరిగి ఆ కొక్కెం దగ్గర నుంచి పరీక్ష మొదలుపెట్టాలి.